పురుగు వీపు మీది పసుపు

మా కోడలు మేడ మీద కుండీలలో వంగ మొక్కలు పెంచుతోంది. మొన్న పొద్దున పైనుంచి కేకేసింది. "మామయ్యా, జర పైకి రాండ్రి. ఆకులన్నీ జల్లెడ లెక్క అయినయ్, ఏం పురుగో ఏమో." మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కేసరికి కాస్త ఆలస్యమైంది. ఆకు మీద ఒకే ఒక్క పురుగు ఉంది. కందిగింజంత ఉంటుంది, గుండ్రటి వీపు, వీపు నిండా నల్లచుక్కలు. నేను దాన్ని రెండు వేళ్ళతో పట్టుకొని, ఇంకా సరిగ్గా చూడకముందే, బొటనవేలితో దాని వీపు తుడిచాను. ఒకసారి తుడిచి, మళ్ళీ పంచె అంచుతో తుడిచాను. కోడలు నవ్వాపుకోలేకపోయింది. "ఏంది మామయ్యా, పురుగుకు తానం చేపిస్తాన్నరా?" అంది. నేను కూడా నవ్వాను. రాగి రంగు పురుగు అది, ముసలిది. ఆకు తిప్పి చూడమ్మా, కింద గుడ్లుంటాయి అని చెప్పాను. ఉన్నాయి. ఆమె నా తెలివికి ఆశ్చర్యపోయింది. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు.

ఈ పురుగును మా వైపు అక్షింతల పురుగు అంటారు. వంగ, కాకర, బుడమ తీగలంటే దానికి ప్రాణం. ఆకు మీది పచ్చదనాన్ని గీకి గీకి తిని, ఈనెలను మాత్రం వదిలేస్తుంది. అది తిన్న ఆకును ఎండకు ఎత్తి పట్టుకుంటే పాత మల్లుగుడ్డలోంచి చూసినట్టు అవతలి మనిషి కనిపిస్తాడు. పురుగును పట్టుకున్న ప్రతిసారీ నేను దాని వీపు ఎందుకు తుడుస్తానో ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే మా మేనత్త కొమురవ్వ గురించి చెప్పాలి.

మాది నెక్కొండ దగ్గరి ఊరు. నాయినకు ఆమె పెద్దక్క. ఏటూరునాగారం అవతల, అడవి అంచున ఉండే పల్లెకు ఆమెను ఇచ్చారట. పెండ్లయిన కొన్నేళ్ళకే మామ అడవి జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. నాయిన వెళ్ళి ఎద్దుల బండిలో తీసుకొచ్చాడు. వచ్చేటప్పుడు ఆమె కట్టుబట్టలతో వచ్చిందని అమ్మ చెప్పేది, అయితే కొంగున ఒక ముడి ఉందట. ఆ ముడిలో వంగ గింజలు. ఆమె అత్తగారు తోటలో పెట్టే వంగ అది. నాకు ఊహ తెలిసేసరికి మా బావి దగ్గర, మోటనీళ్ళు పారే మొదటి కాలువ పక్కన, ఆ వంగతోట ఉండేది. పొలమంతా నాయినది, ఆ కొన్ని సాళ్ళు మాత్రం అత్తవి. అలా అని ఎవరూ పంచి ఇవ్వలేదు, ఎవరూ కాదనలేదు కూడా. ఇంట్లో ఆమెకంటూ ఒక పెట్టె లేదు, ఒక గది లేదు. వంటింటి గడప పక్కన గొంగడి పరుచుకొని పడుకునేది. వంగసాళ్ళ మధ్యకు వెళ్ళినప్పుడు మాత్రం నడక మారిపోయేది. అక్కడ అమ్మ కూడా ఆమెను అడిగే కాయ తెంపేది.

ఆ కాయ గుండ్రంగా, కోడిగుడ్డు కన్నా కాస్త పెద్దగా ఉండేది. తెల్లటి ఒంటి మీద ఆకుపచ్చ చారలు. తొడిమకు, కొమ్మకు, ఆఖరికి ఆకు ఈనెకు కూడా ముళ్ళు. తెంపితే చేతులు గీరుకుపోయేవి. అత్త దాన్ని నాలుగు పక్కలుగా చీల్చి, వేయించిన నువ్వులు, ఎండు కొబ్బరి, చింతపండు నూరి కూరేది. మట్టి చట్టిలో నూనె పైకి తేలే దాకా కట్టెల మంట సన్నగా పెట్టి, పొయ్యి ముందునుంచి కదిలేది కాదు. ఆ వాసన మా వాకిలి దాటి బావి దాకా వచ్చేది. మోట తోలుతున్న నాయిన ఎద్దులను ఆపి, "అక్క చట్టి దించింది" అనేవాడు. వారానికి ఒకటి రెండుసార్లు ఆమె గంప నెత్తిన పెట్టుకొని నెక్కొండలో పాసింజరు బండెక్కి వరంగల్ వెళ్ళేది. స్టేషను దగ్గరి వీధుల్లో ఆమెకు వాడుక ఇళ్ళు ఉండేవి. నయా పైసలు అప్పుడప్పుడే వచ్చాయి. అణాలకూ వాటికీ లెక్క కుదరక దారి పొడుగునా గొణుక్కుంటూ వచ్చేది. వచ్చేటప్పుడు నాకు తప్పకుండా ఏదో ఒకటి తెచ్చేది, బటానీలో, పెన్సిలో. నేను తీసుకొని వెళ్ళిపోయేవాణ్ణి. ఆమె తనకోసం ఏం కొనుక్కుందని ఎన్నడూ అడగలేదు.

విత్తనం దాచే పద్ధతి ఆమెది ఆమెకే ఉండేది. తోట చివర, కల్లం వైపున ఉన్న మంచి చెట్లను విత్తనానికని వదిలేసేది. వాటి కాయ ఎవరూ ముట్టరాదు. కాయ ముదిరి, పసుపు పచ్చబడి, చెట్టు మీదనే మెత్తబడే దాకా ఉంచేది. ఆ తర్వాత గింజలు కడిగి, బూడిద పట్టించి, ఆవుపేడలో కలిపి పిడకలు చేసి, వంటింటి గోడకు పొగ తగిలే చోట కొట్టేది. మళ్ళీ నారు పోసే వేళకు పిడక విరిచి చిదిపేది. ఆ యేడు మొదటి నారు పెద్ద వానకు కొట్టుకుపోయింది. రెండోసారి నారు పోయడానికి గోడ మీది పిడకలన్నీ విరవాల్సి వచ్చింది. గోడ మీద గుండ్రటి మరకలు మిగిలాయి. "ఏం ఫికర్ లేదు, చెట్ల మీద కాస్తది గదా నా ఇత్తనం" అంది అత్త. మిగతా సాళ్ళు కాపు అయిపోయి పీకేశారు, కనుక ఆ ఎండకాలం ఆమె విత్తనమంతా ఆ కల్లం పక్కని చెట్ల మీదనే ఉంది, మరెక్కడా లేదు. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

నేను అప్పుడు హన్మకొండలో కాలేజీ చదువుతున్నాను. సెలవులకు ఇంటికి వచ్చాను. సేద్యం పద్ధతులు చెప్పడానికి ఊరికి కొత్తగా ఒక గ్రామసేవక్ సారు వచ్చి ఉన్నాడు. కరీంనగర్ వైపు మనిషి, సన్నగా, ఎప్పుడూ సైకిలు మీద. చదువుకున్న పిల్లవాడు ఊళ్ళో కనిపిస్తే ఆయనకు సంతోషం. నన్ను వెంటేసుకొని తోటలు తిరిగేవాడు. ఆయన జేబులో ఇత్తడి చుట్టు ఉన్న భూతద్దం ఉండేది. మా అత్త తోటలోనే, వేరే ఏదో పని మీద వచ్చినప్పుడు, కాకర తీగ మీద ఈ పురుగులు చూపించి వాటి వయసు గుర్తుపట్టడం నేర్పాడు. పురుగు తొలిసారి రెక్కలతో బయటికి వచ్చినప్పుడు వెన్నముద్ద రంగులో ఉంటుంది, వీపు మెత్తగా ఉంటుంది, చుక్కలు ఉండవు. చూస్తుండగానే చుక్కలు ఒక్కొక్కటే తేలతాయి. ఆ తర్వాత నిమ్మపండు పసుపు. రోజులు గడిచేకొద్దీ నారింజ, ఆఖరికి తోమని రాగి చెంబు రంగు. "పసుప్పచ్చగ ఉన్నదంటే పిల్లది. ఇంకా గుడ్లు పెట్టదు. రాగి రంగు కనపడ్డదో, ఆకు కింద గుడ్లు ఉన్నట్టే లెక్క" అన్నాడు. నమ్మకం కుదరకపోతే పరీక్ష ఉంది. తుమ్మముల్లు తీసుకొని పురుగు పొట్ట చీల్చి అద్దం కింద పెట్టాడు. పసుపు పురుగు పొట్టలో తెల్లటి కొవ్వు తప్ప ఏమీ లేదు. రాగి పురుగు పొట్టలో జొన్నకంకి గింజల్లా ఒత్తుగా గుడ్లు. ఇంకొక మాట కూడా చెప్పాడు. పట్టుకుంటే దాని కాళ్ళ కీళ్ళలోంచి పసుపు రసం కారుతుంది, వేలికి అంటుతుంది, భయపడొద్దు అని. నేను అన్నీ శ్రద్ధగా విన్నాను. ఇంత వివరంగా రాస్తున్నానంటే అన్నీ బాగా జ్ఞాపకం ఉండబట్టే. నాకు తెలియక జరిగిందని చెప్పుకొనే వీలు నాకు లేదు.

ఎండకాలం మొదట్లో మా ఇంట్లో పసుపు పని. తవ్విన కొమ్ములను పెద్ద కడాయిలలో ఉడకబెట్టి, కల్లంలో ఆరబోసి, గలగలమని ఎండాక మెరుగు పెట్టేవాళ్ళం. అప్పట్లో దానికి యంత్రాలు లేవు. గోనెపట్టాల మీద కొమ్ములు పోసి, కాళ్ళకు గోనెగుడ్డలు చుట్టుకొని, కర్ర పట్టుకొని వరుసగా నిలబడి తొక్కడమే. పొట్టు రాలి, పొడి లేచి, కల్లమంతా పచ్చటి పొగమంచు కమ్మినట్టు ఉండేది. కనురెప్పలు, ఎద్దుల వీపులు, నీళ్ళకుండ మూత, అన్నీ పసుపే. ఆ రోజుల్లో అత్త కల్లం వైపు వచ్చేది కాదు. మొగుడు పోయిన మనిషి ముఖానికి పసుపు అంటితే చూసినవాళ్ళు ఏదో ఒకటి అంటారు. అననివాళ్ళు చూసి ఊరుకుంటారు, అది ఇంకా కష్టం. ఒకసారి ఎవరో నవ్వుతూ, "కొమురవ్వా, పేరంటానికి పోతానవా?" అన్నారట. అప్పటినుంచి పసుపు పని మొదలైతే ఆమె బావి అవతలి గట్టు దాకా వచ్చి, అక్కడ అంబలి కుండ పెట్టి, కేకేసి వెళ్ళిపోయేది. విత్తనపు చెట్లు కల్లం పక్కన ఉన్నాయి కనుక వాటి దగ్గరికి కూడా తొక్కుడు లేని పూట చూసుకొని వచ్చేది.

ఆ రోజు తొక్కుడు నడుస్తుండగానే ఆమె గట్టు మీద నిలబడి పిలిచింది.

"తమ్మీ, ఇత్తనం చెట్లకు పురుగు వడ్డది. ఆకు తింటానయ్. రేపొక్క దినం ఇద్దరు కూలోళ్ళను ఇయ్యి, ఏరుకుంట."

నాయిన తొక్కడం ఆపలేదు. "ఏడికెల్లి ఇయ్యాలె అక్కా? ఎల్లుండి బండ్లు కట్టాలె. ఇంకా సగం కల్లం అట్లనే ఉన్నది. పురుగు ఎంతుంది?"

"నాకేం ఎరుక? కండ్లు ఆనుతానయా నాకు? కానొస్తానయ్, అంతే."

అప్పుడు నాయిన నా వైపు తిరిగాడు. మా నాయిన నన్ను ఏ విషయంలోనూ సలహా అడిగిన మనిషి కాదు. చదువు ఒక రకం జబ్బు అనీ, కొన్నేళ్ళకు తగ్గుతుందనీ ఆయన నమ్మకం. అలాంటి మనిషి కూలీలందరి ముందు, "నువ్వు సారు తోని తిరుగుతానవ్ గదా. పొయ్యి చూసి చెప్పు. రేపే ఏరాల్నా, ఆగొచ్చా?" అన్నాడు. నాకు నేల మీద కాళ్ళు నిలవలేదు. ఆ మధ్యాహ్నం బండికి వరంగల్ వెళ్ళాలని ఇస్త్రీ చొక్కా వేసుకొని ఉన్నాను. స్నేహితులతో సినిమా. అందుకే చెట్ల మధ్యకు దిగలేదు. ముళ్ళకు చొక్కా చిరుగుతుందని అంచునే నిలబడి, చెయ్యి చాచి అందిన ఆకుల మీది పురుగులను పట్టుకున్నాను. పచ్చగా ఉన్నాయి, చక్కటి నిమ్మపండు పసుపు. వేలికి పసుపు అంటింది. సారు చెప్పిన రసం ఇదే అనుకున్నాను. ముల్లు గుచ్చి పొట్ట చూడాలని గుర్తుకు రాకపోలేదు. వచ్చింది. ఇస్త్రీ చొక్కాతో పురుగు పేగులు తీయడం ఏమిటనిపించింది.

అత్త గట్టు మీదనే నిలబడి అడిగింది. "ఆకు అడుగున కూడ పచ్చపచ్చగ ఏందో అంటుకున్నది అల్లుడా. పొద్దుగాల తడిమి చూసిన."

"పసుపు పొడి అత్తా. గాలికి ఎగిరొచ్చి పడ్డది" అన్నాను.

గాలికి ఎగిరిన పొడి ఆకు మీద పడుతుంది, అడుగున ఎట్లా అంటుతుంది అన్న ప్రశ్న నాకు రాలేదు. ఇన్నేళ్ళూ అది ఒక్కటే నన్ను వదలని ప్రశ్న. కల్లంలోకి తిరిగి వచ్చి, అందరికీ వినపడేలా చెప్పాను. అన్నీ పిల్ల పురుగులే, గుడ్లు పెట్టడానికి ఇంకా వారమైనా పడుతుంది, ఈలోపు సారు బ్లాకు ఆఫీసు నుంచి గమాక్సిన్ పొడి తెప్పిస్తానన్నాడు, ఒక్కసారి చల్లితే మొత్తం పోతాయి, ఏరడం దండగ. నాయిన తలూపాడు. ఆ తలూపుడు కోసం నేను ఏమైనా చెప్పి ఉండేవాణ్ణేమో. అత్త మాత్రం గట్టు మీదనుంచి మళ్ళీ అడిగింది.

"నేనొక్కదాన్ని ఈ పూట ఏరుకుందునా బిడ్డా?"

"వద్దత్తా. ఊకె చేతులు గీరుకపోతయ్. పొడి వస్తది గదా."

"సదువుకున్నోనివి. నువ్వన్నంక ఇంకేంది" అని గంప ఎత్తుకొని వెళ్ళిపోయింది.

సినిమా ఏమిటో ఇప్పుడు జ్ఞాపకం లేదు. వరంగల్‌లో రెండు రోజులనుకున్నది స్నేహితుడి ఇంట్లో వారం దాకా సాగింది. తిరిగి వచ్చేసరికి పసుపు బండ్లు వెళ్ళిపోయాయి, కల్లం ఊడ్చేశారు. అంతకుముందు రోజు కాస్త జల్లు కురిసిందట. అత్త బావి దగ్గర కూర్చొని ఉంది. నన్ను చూసి లేచి, తోట వైపు నడిచింది. వెనకాలే వెళ్ళాను. విత్తనపు చెట్లు దూరానికే తెలిశాయి. ఆకుల్లోంచి అవతలి కంచె కనిపిస్తోంది. వాన పసుపును కడిగేసింది. ఆకుల మీద ఉన్న పురుగులు ఒక్కటి కూడా పచ్చగా లేదు. రాగి చెంబులు. ఎక్కడో ఆకు మడతలో తడవని ఒకటి మాత్రం ఇంకా నిమ్మపండు రంగులో కూర్చొని ఉంది. దాన్ని పట్టుకొని బొటనవేలితో తుడిచాను. కింద రాగి. ఈ పురుగు వీపు నున్నగా మెరవదు. దాని మీద కంటికి ఆనని సన్నటి నూగు ఉంటుంది. కల్లంలో లేచిన పొడి ఆ నూగుకు పట్టుకుంది. నేను పిల్లలనుకున్నవి అప్పటికే ముసలివి, అప్పటికే గుడ్లు పెట్టినవి. ఆకు అడుగున అత్త వేళ్ళకు తగిలినవి ఆ గుడ్లే. ఆకు తిప్పాను. అడుగున, గుడ్లలోంచి వచ్చి ఇంకా రెక్కలు రాని ముళ్ళ ముళ్ళ పసుపు పిల్లలు, ఒక దాని పక్కన ఒకటి ఆనుకొని, నింపాదిగా మేస్తున్నాయి.

ఆ తర్వాతి రోజుల గురించి ఎంత తక్కువ రాస్తే అంత మంచిది, కానీ రాయకపోతే అబద్ధమవుతుంది. అమ్మ, అత్త, నేను డబ్బాలో నీళ్ళు పోసి కిరసనాయిలు చుక్కలు వేసుకొని, తెల్లవారగానే దిగేవాళ్ళం. ప్రతి ఆకూ తిప్పడం, గీకడం, ముంచడం. ముళ్ళకు చేతులు మంట పుట్టేవి. అత్తకు కళ్ళు ఆనవు కనుక ఆమె వేళ్ళతో తడిమి ఏరేది. పొద్దున ఏరిన చెట్టు మీద సాయంత్రం మళ్ళీ కనిపించేవి. ఎండిన ఆకులకు అంటుకున్న గూళ్ళలోంచి కొత్త పురుగులు వస్తూనే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం నేను చేతులు కట్టేసుకున్నట్టు ఒక గూడు ముందు కూర్చుండిపోయాను. వెన్నరంగు పురుగు బయటికి వచ్చింది. వీపు తడిగా ఉంది. చుక్కలు లేవు. చూస్తుండగానే, ఎవరో లోపలినుంచి కాటుక అద్దుతున్నట్టు, ఒక చుక్క తేలింది. ఆపైన ఇంకొకటి. సారు చెప్పింది అక్షరాలా నిజం. నాకు ప్రతి పురుగు వయసూ తెలుస్తోంది, ఏది రేపు ఏ రంగుకు వస్తుందో తెలుస్తోంది. తెలిసి చేయగలిగింది మాత్రం ఏమీ లేదు. పొడి వచ్చింది. సారు సైకిలు మీద సంచి కట్టుకొని చెమటలు కక్కుతూ తెచ్చాడు. చల్లాం. పురుగులు రాలాయి కూడా. అప్పటికి ఆ చెట్లకు ఆకు లేదు. కాయలు ముదరకుండానే తోలు ముడతలు పడి, కొమ్మల మీదనే ఎండిపోయాయి. కోసి చూస్తే గింజలు ఊకలా ఉన్నాయి. సారు అద్దం తీసి చూసి, మళ్ళీ జేబులో పెట్టుకొని, "ఇగ మన చేతుల లేదు అవ్వా" అన్నాడు.

పసుపు సంగతి అత్తకు నేనే చెప్పాను. పొయ్యి ముందు కూర్చొని ఉంది. ఎట్లా పొరపడ్డానో, నూగు గురించి, వాన గురించి, అంతా చెప్పాను. చదువుకున్నవాడి అలవాటు, పశ్చాత్తాపం కూడా వివరంగానే చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె కట్టె ముందుకు నెట్టి నవ్వింది.

"పసుపు వూసుకుంటే ముసల్ది పడుసుదైతదా అల్లుడా? అంతమంది ఆడోళ్ళను చూస్తానవ్, గిది తెల్వదా?"

నాకు నవ్వు రాలేదు. ఆమె మళ్ళీ అంది, ఈసారి నాతో కాదు, మంటతో అన్నట్టు.

"నా మొకానికి లేని పసుపు పురుగులకు దొరికింది. పోనీ."

మరునాడు నాయిన నాకు పైసలిచ్చి, "అక్కను తీస్కొని ఏటూరునాగారం పోయిరా. అత్తగారింట్ల ఉంటదేమో ఆ ఇత్తనం" అన్నాడు. మామ పోయాక ఆమె ఆ ఊరు తొక్కలేదు. బస్సులో నా పక్కన ముడుచుకొని కూర్చుంది. అడవి మొదలయ్యాక కిటికీ వైపు చూడటం మానేసింది. ఊళ్ళో దిగాక దారి మరిచిపోయిందేమో అనుకున్నాను. మరిచిపోలేదు, కాళ్ళు రాలేదు. ఆమె యారాలు, అంటే తోటికోడలు, వాకిట్లోనే ఎదురై, కాళ్ళకు నీళ్ళిచ్చి, కౌగిలించుకొని ఏడ్చింది. అన్నం పెట్టింది. విత్తనం మాట ఎత్తితే నోటి మీద చెయ్యి వేసుకుంది.

"ఆ ముండ్ల వంగనా అక్కా? నువ్వు పోయినంక దాన్ని ఎవలు వెట్టిన్రు? తెంపవోతే చేతులు చీరుకపోతయని పొడుగు వంకాయ వెడ్తానం. ఊర్ల ఎవ్వల దగ్గర లేదు. నీ దగ్గర ఉన్నది గదా అని మేమనుకుంటిమి."

అత్త పెరట్లోకి వెళ్ళి చూసింది. పొడుగు వంకాయల మొక్కలు నిగనిగలాడుతున్నాయి. ఒక ఆకు పట్టుకొని ఈనె తడిమింది. ముళ్ళు లేవు. "మంచిగ పెరిగినయ్" అని మాత్రం అంది. తిరుగు బస్సులో ఆమె నా భుజం మీద తలవాల్చి పడుకుంది. నేను కదలకుండా కూర్చున్నాను. ఆ ప్రయాణమంతా నేను చేసిన మంచి పని అది ఒక్కటే.

ఇప్పుడు అన్నీ సులువు. మా కోడలు ఫోను పురుగు ముందు పెడితే అది పేరు చెబుతుంది, మందు చెబుతుంది, మందు ఇంటికే వస్తుంది. పొడి కోసం సైకిలు మీద ఎవరూ చెమటలు కక్కనక్కర్లేదు. అంగట్లో వంకాయలు ఏడాది పొడుగునా ఉంటాయి, నల్లవి, పొడుగువి, తళతళలాడేవి. ముళ్ళు లేవు, చేతులు గీరుకోవు. నేను ఇప్పటికీ హన్మకొండ అంగడికి వెళితే గంపలన్నీ తిరిగి చూస్తాను. తెల్లటి ఒంటి మీద ఆకుపచ్చ చారలున్న గుండ్రటి కాయ కనిపిస్తే ఆగి తొడిమ తడుముతాను. అమ్మేవాళ్ళు విసుక్కుంటారు. ఎక్కడో ఏ అడవి పల్లెలోనో అది ఇంకా ఉండే ఉంటుందని కొన్నాళ్ళు నన్ను నేను ఓదార్చుకున్నాను. ఇప్పుడు అట్లా అనుకోవడం కూడా నా తప్పును కాస్త తేలిక చేసుకొనే ఉపాయమనే అనిపిస్తుంది. పోగొట్టినవాడు దాన్ని కాపాడే భారం వేరొకరి మీద పెట్టకూడదు.

ఆ యేడు వానలు పడ్డాక అత్త ఎప్పటిలాగే నారుమడి తవ్వింది. పేడ చల్లి, మెత్తగా దున్నినట్టు చేసి, ఆ ఎండిన కాయల్లోంచి గీకిన ఊక గింజలే చల్లింది. పొద్దున, సాయంత్రం చెంబుతో నీళ్ళు పోసేది. గడ్డి మొలిచింది. ఆమె గడ్డి పీకి మళ్ళీ నీళ్ళు పోసేది. చూడలేక ఒకరోజు ఆమె ఏదో పని మీద వరంగల్ వెళ్ళినప్పుడు నేను నెక్కొండ అంగడికి పోయి వంగనారు కట్ట కొనుక్కొచ్చాను. గుండ్రటి వంకాయ అని అమ్మినవాడు ప్రమాణం చేశాడు. ఆమె వచ్చేలోపు ఆ మడిలో నాటాను. మొలకలు వచ్చినట్టు కనిపించాలని, వరుసలు లేకుండా, అక్కడొకటి ఇక్కడొకటి. ఇంత పెద్దవాణ్ణి, అంత చదివినవాణ్ణి, అలా చేశాను. అత్త వచ్చి మడి ముందు గొంతుకూర్చుంది. ఒక ఆకును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా రుద్దింది. ముల్లు తగలలేదు. ఆమె చాలాసేపు ఆ ఆకును వదల్లేదు. నేను బావి చాటున నిలబడి చూస్తున్నాను. ఆ పైన లేచి, చెంబు ముంచుకొచ్చి, ప్రతి మొక్కకూ నీళ్ళు పోసింది. ఇంటికి వచ్చాక ఆ సంగతి ఎత్తలేదు, ఆ రోజూ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు.

కాయలు ఊదారంగులో కాశాయి. మొదటి కోతకు గంప నేనే మోస్తానన్నాను. పాసింజరు బండిలో ఆమె కిటికీ దగ్గర కూర్చుంది, నేను తలుపు దగ్గర గంపతో. వరంగల్‌లో దిగి వాడుక వీధిలోకి వెళ్ళాం. అక్కడి ఒక దుకాణదారు భార్య, ఎన్నో ఏళ్ళుగా అత్త దగ్గరే కొనే మనిషి, అరుగు మీదికి వచ్చి గంపలోకి వంగి చూసి ముఖం చిట్లించింది.

"ఏంది కొమురవ్వా, చారల్లేవు, ముండ్లు లేవు. ఇయ్యి నీ వంకాయలేనా?"

నేను తల దించుకున్నాను. గంప బరువుకు మెడ నొప్పి పుడుతోంది. అత్త పైన ఉన్న కాయ ఒకటి తీసి, కొంగుతో దుమ్ము తుడిచి, ఆమె చేతిలో పెట్టింది.

"నాయి గావమ్మా" అంది. "మా అల్లునియి. లేతగున్నయ్, తీస్కో."